ఫిలిప్ ఐలాండ్ చిన్న పెంగ్విన్లు: చూసినవాళ్లు చెప్పండి

విశాఖ_అల:
ఫిబ్రవరి చివర్లో అమ్మానాన్న మెల్‌బోర్న్ వస్తున్నారు, ఫిలిప్ ఐలాండ్ తీసుకెళ్దామని ఉంది. చీకటి పడ్డాక గానీ పెంగ్విన్లు ఒడ్డుకు రావట కదా? నిజంగా ఎంత ఎత్తు ఉంటాయి? అమ్మకి పక్షులంటే ప్రాణం, తీరా అక్కడిదాకా వెళ్లాక ఏమీ కనబడకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

యారా_గట్టు:
కనబడతాయండీ, అవి ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. పెంగ్విన్లన్నిట్లోకీ చిన్న జాతి ఇదే, నిలబడితే స్కూలు స్కేలు కంటే కాస్త ఎత్తు, 33 సెంటీమీటర్లు, బరువు కిలో పైచిలుకు. వీపు ముదురు నీలం, పొట్ట తెలుపు, కాబట్టి పైనుంచి చూసే గద్దకి నీళ్లలో, కిందనుంచి చూసే సీల్‌కి వెలుగులో కలిసిపోతాయి. ఆ రక్షణ నీళ్లలో ఉన్నంతసేపే, ఇసుక మీదకొస్తే దాక్కోవడానికి ఏమీ ఉండదు. అందుకే చీకటి కోసం ఆగుతాయి. నురుగులో ఓ గుంపు పైకి తేలుతుంది, రెండు మూడు లేచి నిలబడి అటూ ఇటూ చూస్తాయి, ఒక సీగల్ రెక్క విదిలిస్తే చాలు అన్నీ మళ్లీ నీళ్లలోకి దూకేస్తాయి. ఇలా ఎంతోసేపు తటపటాయించి, చివరికి అన్నీ ఒక్కటై ముందుకు వంగి గబగబా ఇసుక దాటేస్తాయి. నాకు మాత్రం ఆ తటపటాయింపే అన్నిటికంటే ఇష్టం.

పక్షుల_లోకం:
ఫిబ్రవరి, మార్చి అంటే ఈకలు మార్చుకునే కాలం, అది తెలుసుకుని వెళ్లండి. పాత ఈకలన్నీ ఒకేసారి రాలిపోయి కొత్తవి రావడానికి రెండు వారాలకు పైనే పడుతుంది. అన్నాళ్లూ నీళ్లు ఒంటికి తగలకుండా ఆపే ఈకలు ఉండవు కాబట్టి సముద్రంలోకి దిగవు, తిండీ ఉండదు. ముందే బాగా తిని ఒళ్లు చేసి ఉంటాయి, ఆ కొవ్వుతోనే గడిపేస్తాయి. కాబట్టి ఒడ్డుకు నడిచొచ్చేవి కాస్త తగ్గినా, బొరియల దగ్గర ఈకలు ఊడి చింపిరిగా నిలబడ్డవి దగ్గర్నుంచి కనిపిస్తాయి. అమ్మగారు చూసి దానికి జబ్బు చేసిందేమో అని బాధపడకుండా ముందే చెప్పి ఉంచండి. పిల్లల్ని చూడాలంటే మాత్రం నవంబర్, డిసెంబర్.

కేప్_గాలి:
మేం దక్షిణాఫ్రికాలో ఉంటాం, సైమన్స్ టౌన్ దగ్గర బోల్డర్స్ బీచ్‌లో ఆఫ్రికన్ పెంగ్విన్లు పట్టపగలే మన ముందు తిరుగుతాయి. రెండడుగుల ఎత్తు ఉంటాయి, కంటి పైన గులాబీ రంగు చర్మం ఉంటుంది, ఎండ ఎక్కువైతే రక్తం అక్కడికి పారి ఒంటి వేడి బయటికి పోతుంది. అరుపు అచ్చం గాడిదే. 2024లో వీటిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాబితాలో చేర్చారు, సార్డీన్, ఆంకోవీ చేపలు దొరక్కపోవడం పెద్ద కారణం. చూసే అవకాశం ఉన్నవాళ్లు దయచేసి దూరం నుంచే చూడండి.

యారా_గట్టు:
ఇక్కడివాటికి నక్కలు పెద్ద గండం. ఇదే రాష్ట్రంలో వార్నాంబూల్ అనే ఊళ్లో మిడిల్ ఐలాండ్ అని చిన్న దీవి ఉంది, ఆటు సమయంలో నీళ్లు తగ్గినప్పుడు నక్కలు నడిచి దాటేసేవి, 2005 నాటికి వందల్లో ఉన్న పెంగ్విన్లు పది లోపుకొచ్చాయి. 2006లో గొర్రెల్ని కాచే మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టాకే అవి మళ్లీ పెరిగాయి. ఫిలిప్ ఐలాండ్‌లో నక్కల్ని పూర్తిగా ఏరివేశామని 2017లో ప్రకటించారు. ఆ తీరాన ఇళ్లు కట్టిన కాలనీ మొత్తాన్ని ప్రభుత్వమే 1985 నుంచి ఒక్కొక్కటిగా కొనేసి, పెంగ్విన్లకు వదిలేసింది. ఇంత పెద్ద పని చేసిన ఊరు ఇంకోటి నాకు తెలీదు.

విశాఖ_అల:
అందరికీ థాంక్సండీ. ఫోటోలు తీయనిస్తారా? చలి ఎలా ఉంటుంది?

పక్షుల_లోకం:
తీయనివ్వరు. ఫ్లాష్ పడితే బెదిరిపోతాయి, ఫోన్ లోపల పెట్టేయండి. వేసవైనా సముద్రం గాలి గట్టిగా కొడుతుంది, పెద్దవాళ్లకు స్వెటర్, శాలువా తప్పనిసరి. సూర్యాస్తమయం ఎనిమిది ప్రాంతంలో, కాస్త ముందే చేరుకోండి. అవి ఒడ్డెక్కేశాక అందరూ లేచి వెళ్లిపోతుంటారు, మీరు మాత్రం చెక్క దారి మీద నెమ్మదిగా నడవండి, పొదల్లో జోడీలు ఒకదాన్నొకటి పిలుచుకోవడం అక్కడే వినిపిస్తుంది. బయల్దేరే ముందు కారు కింద ఒకసారి వంగి చూడండి, అక్కడ దూరి కూర్చునే అలవాటు వాటికి ఉంది.