చిమ్నీ మోత పెరిగింది, పొగ లాగడం తగ్గింది: లోపం ఎక్కడుంది?

కర్నూలు వంటిల్లు:
60 సెంటీమీటర్ల చిమ్నీ, బిగించి మూడేండ్లయింది. స్టీలు బాఫిల్ ఫిల్టర్లు రెండు, ఆటో క్లీన్ కూడా ఉంది. నెలకోసారి ఫిల్టర్లు కడుగుతున్నాం, పదిహేను రోజులకోసారి ఆటో క్లీన్ నొక్కుతున్నాం. అయినా ఎండుమిరపకాయల తాళింపు వేస్తే ఘాటు ముందుగదిలోకి వస్తోంది. మోత పెరిగింది. బజ్జీలు వేసిన రోజు పొయ్యి మీద పసుప్పచ్చ జిడ్డు చుక్కలు పడుతున్నాయి. పైపు తొమ్మిది అడుగులు, మూడు వంపులు. ఫిల్టర్లు మార్చాలా, మోటారు పోయిందా? ఇంకోటి, బోరు నీళ్లతో కడిగితే ఫిల్టర్ల మీద తెల్లచారలు పడుతున్నాయి.

రిపేరు పెట్టె:
ఏ సామానూ కొనకముందు ఒక పరీక్ష చేయండి. పొయ్యి ఆర్పి, చిమ్నీని పెద్ద స్పీడులో పెట్టి, న్యూస్ పేపర్ అర షీటు ఫిల్టరుకు ఆనించండి. అంటుకుని నిలబడాలి. జారిపోతే చిమ్నీ ఆపి, ఫిల్టర్లు తీసి పక్కన పెట్టి, చిమ్నీని మళ్లీ ఆన్ చేయండి. ఈసారి కాగితం పెట్టొద్దు, నేరుగా బ్లోయర్‌లోకి (గాలిని లాగి బయటికి తోసే చక్రం) పోతుంది. అగరుబత్తి వెలిగించి ఒక జానెడు కింద పట్టుకోండి, చెయ్యి లోపలికి పెట్టొద్దు. పొగ గీత గీసినట్టు పైకి పోతే తప్పు ఫిల్టర్లది. అప్పుడూ పక్కలకు తిరుగుతుంటే అడ్డం ఫిల్టర్ల వెనకాల ఉంది: బ్లోయరో, బయట గోడకుండే రెక్కల మూతో, పైపో.

మోత కూడా చాలా చెప్తుంది. సన్నగా, ఈలలాగా పెరిగితే గాలికి బయటికి దారి లేదు. దారి మూసుకుంటే బ్లోయర్ మీద బరువు తగ్గి ఇంకా వేగంగా తిరుగుతుంది, అందుకే ఆ గొంతు. గరగరమంటే బేరింగు. దడదడా వణికితే బ్లోయర్ రెక్కలకు జిడ్డు ఒక పక్క ఎక్కువ పట్టి తూకం తప్పింది. హుమ్మంటూ తిరగకపోతే ఎక్కువసార్లు కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా) పోయి ఉంటుంది. అది ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించండి, ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని రాసి ఉందో కొత్తది కూడా అంతే ఉండాలి.

ఆటో క్లీన్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. బ్లోయర్ చుట్టూ ఉన్న హీటరు వేడెక్కి, అక్కడి జిడ్డును కరిగించి కింద గిన్నెలోకి దించుతుంది, అంతవరకే. ఫిల్టర్లకు, పైపుకు దానితో సంబంధం లేదు. పైగా కరిగేది కొత్త జిడ్డే. చెనిక్కాయ నూనె గానీ సన్‌ఫ్లవర్ గానీ, ఆవిరై పైకి పోయి పల్చగా పరుచుకున్నాక గాలికీ వేడికీ గట్టిపడి వార్నిష్‌లా మారుతుంది. బాండలి వెనక ఎర్రగా పట్టే పొర అదే. అట్లా మారినదాన్ని ఏ హీటరూ కరిగించదు. అందుకే చేసినప్పుడల్లా గిన్నె తీసి చూడండి. ఎప్పుడూ ఖాళీగానే ఉంటే జిడ్డు లోపల గట్టిపడుతోందన్నా అనుకోవాలి, హీటరు పనిచేయడం లేదన్నా అనుకోవాలి.

నూనె మరక:
కడగడం గురించి. బాఫిల్ అంటే స్టీలు రేకుల వంపులు, మెష్ అంటే ఎక్కువగా అల్యూమినియం జల్లెడ. రెంటికీ ఒకే మందు పనికిరాదు. అయస్కాంతం అంటుకుంటే అల్యూమినియం కాదని తేలిపోతుంది. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలదు, కొన్ని రకాల స్టీలుకు కూడా అంటుకోదు.

స్టీలుదైతే వెడల్పాటి టబ్బులో 5 లీటర్ల వేడినీళ్లు పోసి (చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి, కానీ మరగనక్కర్లేదు), 100 గ్రాముల బట్టల సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్ కలపండి. గ్లౌజులు వేసుకోండి. అరగంట నానిస్తే జిడ్డు నీళ్ల మీదికి తేలుతుంది. నైలాన్ బ్రష్‌తో వంపుల పొడవునా తోయండి, అడ్డంగా రుద్దితే మూలల్లోది మూలల్లోనే ఉంటుంది. ఇనుప పీచు వద్దు. గీతలు పడితే వాటిలోనే జిడ్డు ముందు చేరుతుంది, విరిగిన ముక్కలు తుప్పు పడతాయి.

అల్యూమినియం అయితే సోడా ఏదీ వద్దు, నల్లబడుతుంది. కాస్టిక్ సోడా అయితే లోహాన్నే తినేస్తుంది. గిన్నెల లిక్విడ్, వేడినీళ్లు చాలు, ఇంకోసారి నానబెట్టినా పరవాలేదు.

తెల్లచారలు బోరు నీళ్లలోని సున్నం. మన సీమలో ఈ బాధ తప్పదు. సబ్బు నురగ రాకపోవడానికీ అదే కారణం, కాబట్టి లిక్విడ్ ఒక చెంచా ఎక్కువే పోయండి. ఆఖరి జాడింపు తాగే నీళ్లతో, ఫిల్టరుకు ఒక లీటరు చాలు. వెంటనే పాత కాటన్ గుడ్డతో తుడిచి, నిలబెట్టి ఎండలో పెట్టండి. తడి తడిగా బిగించొద్దు.

వేపుళ్లు ఎక్కువుండే ఇంట్లో నెల అన్నది ఎక్కువే. రెండు వారాలకోసారి కడిగితే సోడాతో పని పడదు.

కర్నూలు వంటిల్లు:
పరీక్ష చేశాం. కాగితం జారిపోయింది, ఫిల్టర్లు తీసినా అగరుబత్తి పొగ పక్కలకే పోతోంది. బయట గోడకున్న మూత రెక్కలు సగమే తెరుచుకుంటున్నాయి.

రిపేరు పెట్టె:
అయితే దొరికింది. ఆ రెక్కలు ఎదురుగాలినీ పురుగుల్నీ ఆపడానికి పెట్టినవి. నూనె ఆవిరి చేరి, దాని మీద దుమ్ము పడి బంకలా పట్టేస్తాయి. ఇట్లాంటి రెక్కల జతే ఇంకోటి చిమ్నీ పైన, పైపు మొదలయ్యే చోట, సగం చందమామ ఆకారంలో ప్లాస్టిక్‌వి ఉంటాయి. దాన్నీ చూడండి. ముందు ప్లగ్గు తీయండి. పైపు క్లిప్పు వదులు చేసి పైకి జరిపితే కనిపిస్తాయి. వేడి సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, వేలితో ఎత్తి వదిలితే వాటంతట అవే పడాలి. నూనె మాత్రం వేయొద్దు, మళ్లీ దుమ్ము పట్టడానికే. బయట మూతకు జల్లెడ ఉంటే అదీ మూసుకుని ఉంటుంది. పావురాల గూడు ఉందేమో కూడా చూడండి.

పైపు సంగతికొస్తే మూడు వంపులు ఎక్కువే, వీలైతే రెండుకు తగ్గించండి. మడతల అల్యూమినియం పైపును పూర్తిగా సాగదీసి కట్టాలి, ముడతలుంటే గాలి ఆగుతుంది, నూనె నిలుస్తుంది. బయటికి కొంచెం వాలుగా ఉండాలి. లోపలికి వాలి ఉంటే పైపులో నిలిచిన నూనె వెనక్కొచ్చి మీ పొయ్యి మీదే పడుతుంది, ఆ పసుప్పచ్చ చుక్కలు అవే కావచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: గోడలో రంధ్రం చిన్నదని 6 అంగుళాల పైపును 4 అంగుళాలకు కుదించి ఉంటే, గాలి దారి సగం కన్నా తక్కువైపోతుంది. ఆ పని చేసి ఉంటే ఎంత కడిగినా లాభం లేదు, రంధ్రం పెద్దది చేయించాల్సిందే.

ఇదంతా చేశాక కూడా వణుకుంటే బ్లోయర్ విప్పాలి. రెక్కల చక్రాన్ని పట్టుకునే నట్టు చాలా మోడళ్లలో ఎదురు మర, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక ఎడమకు బలంగా తిప్పి మర తెంపేస్తుంటారు. చక్రాన్ని విడిగా నానబెట్టి కడగొచ్చు, మోటారు మీద ఒక్క చుక్క నీరు పడకూడదు. జిడ్డు తీసే స్ప్రే కూడా గుడ్డ మీద కొట్టి తుడవాలి, చిమ్నీ లోపలికి కొట్టొద్దు.

నూనె మరక:
కిటికీ మాట మరిచిపోయాం. బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగిస్తే మంచి చిమ్నీ కూడా లాగదు. పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ ఒక బెత్తెడు తెరవండి. పొయ్యి పక్క కిటికీ తెరిస్తే ఎదురుగాలి పొగను చిమ్నీ కిందినుంచి తోసేస్తుంది. ఫ్యాను కూడా అంతే.

కడప నుంచి:
ఫిల్టర్ల మీద పాత తెల్లచారలకు వెనిగర్ వాడొచ్చా? మాది కడప బండ ప్లాట్‌ఫాం.

నూనె మరక:
స్టీలు ఫిల్టర్లకైతే వాడొచ్చు. ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్లు, పది నిమిషాలు, తర్వాత బాగా కడగాలి. కానీ ఆ పని బకెట్లో, బాత్రూంలో చేయండి. కడప బండ సున్నపురాయి. వెనిగర్, నిమ్మరసం పడిన చోట మెరుపు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది, తుడిస్తే పోయేది కాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.