రీ: వేళచ్చేరికి కొత్తగా వచ్చాం, బాబుకి లైబ్రరీలో ప్రోగ్రాములు ఏమైనా ఉంటాయా?

కర్నూలు నుంచి చెన్నై వచ్చి మూడు వారాలే అయిందన్నారు, బాబుకి ఏడేళ్లు, అత్తగారికి టీవీ తప్ప కాలక్షేపం లేదు, మీకు తమిళంలో "తెరియాదు" (తెలీదు) ఒక్కటే తెలుసు. పదకొండేళ్ల కింద నేనూ అచ్చం ఇలాగే ఉన్నానండీ, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నా తెలివి గురించి చెప్తా. మేం దిగిన వీధి చివర ఒక పాత పసుప్పచ్చ బిల్డింగు, బోర్డు మొత్తం తమిళమే. మావారు ఆఫీసులో నేర్చుకున్న నాలుగక్షరాలు కూడబలుక్కుని "కిళై నూలగం" అని చదివారు. నూలు అంటే మనకి దారం కదా, సరే ఏదో చేనేత సొసైటీ షాపు అనుకున్నా. ఆర్నెల్లు దాని ముందు నుంచే కూరగాయలకి వెళ్లొచ్చా, దీపావళికి డిస్కౌంట్ పెడితే ఒక కాటన్ చీర తీసుకుందాంలే అని కూడా అనుకున్నా. తీరా చూస్తే తమిళంలో నూల్ అంటే దారమూ అవుతుంది, పుస్తకమూ అవుతుందిట. నూలగం అంటే లైబ్రరీ, కిళై అంటే బ్రాంచి. మీ ఇంటి దగ్గర కూడా ఒకటి తప్పకుండా ఉంటుంది, కిరాణా కొట్టాయన్ని అడగండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ బ్రాంచీలకి సెలవు ఆదివారం కాదు, శుక్రవారం, రెండో శనివారం.

ఇక నోటీసు బోర్డు. ప్రోగ్రాముల సంగతంతా అక్కడే తేలుతుంది, వాట్సాప్‌లో వచ్చే దాకా ఆగితే సగం అయిపోతాయి. తేదీలు మామూలు అంకెల్లోనే ఉంటాయి కాబట్టి భయం లేదు, ఓ అరడజను మాటలు పట్టుకుంటే చాలు. నిగళ్చి అంటే ప్రోగ్రాం. సిఱువర్ అని ఉంటే పిల్లలకి. కాలై పొద్దున, మాలై సాయంత్రం, ఞాయిఱు ఆదివారం. "అనుమది ఇలవసం" అని అడుగున ఉంటే ప్రవేశం ఉచితం, "అనైవరుం వరుగ" అంటే అందరూ రండి అని, ఆ అందరిలో మనమూ ఉన్నాం. ఈ మాలై దగ్గర కూడా నేను పప్పులో కాలేశా. పోస్టరు మీద "మాలై 5" అని ఉంటే ఎవరో నాయకుడికి అయిదు మాలలు వేస్తారు కాబోలు, మనకెందుకులే అని మానేశా. అది పిల్లలకి కథలు చెప్పే ప్రోగ్రాం, సాయంత్రం అయిదింటికి.

మీరడిగింది ముఖ్యంగా బాబు గురించి కదా. కోట్టూరుపురం అన్నా సెంటెనరీ లైబ్రరీకి తీసుకెళ్లండి, మీకైతే మరీ సులువు, వేళచ్చేరిలో ఎంఆర్‌టీఎస్ రైలెక్కితే కస్తూర్బా నగర్ తర్వాత స్టేషనే కోట్టూరుపురం. అక్కణ్ణుంచి నడవచ్చు, ఎండయితే ఆటో. 2010లో మాజీ ముఖ్యమంత్రి అన్నాదురై పుట్టినరోజు సెప్టెంబర్ 15న తెరిచారు, తొమ్మిది అంతస్తులు. మరుసటి ఏడు ప్రభుత్వం మారి దీన్ని పిల్లల ఆసుపత్రి చేస్తామన్నారు, జనం కోర్టుకెళ్లి ఆపించారు. మొదటి అంతస్తులో పిల్లల సెక్షన్, మధ్యలో ఒక పెద్ద కృత్రిమ చెట్టు. వారాంతాల్లో కథలు, బొమ్మలు వేయడం, క్విజ్‌లు ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది, మేలో "కోడై కొండాట్టం" అని వేసవి ప్రోగ్రాములు పెడతారు, అప్పుడు సీట్లు కష్టం, ముందే ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి.

బాబుకి తమిళం రాదు కదా కూర్చుని ఏం చేస్తాడు అని అనుకుంటారు, నేనూ అనుకున్నా. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. నేను మొదటిసారి తీసుకెళ్లిన రోజు చెప్పింది అవ్వ, వడ, కాకి కథ, ఇక్కడ ఏ ఇంట్లోనైనా ముందు చెప్పే కథ అదే. కాకి వడ ఎత్తుకుపోయే దాకా మా పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది, కాకా అర్థమైంది, వడై అర్థమైంది. ఆవిడ "ఒరు నరి వందుచ్చు" అని రెండు చేతులూ చెవుల్లా పెట్టి మూతి ముందుకు సాచేసరికి మాది ఒక్క అరుపు అరిచింది, "నక్క!" అని. హాలంతా ఘొల్లున నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది, పిల్ల మొహం కూడా చిన్నబోయింది. ఎందుకు నవ్వారో తర్వాత తెలిసింది, తమిళంలో నక్కు అంటే నాకడం. కానీ ఆ కథ చెప్పేవిడ ఎంత తెలివైందంటే, "తెలుంగుల నరిక్కు పేరు నక్క" అని అందరికీ చెప్పి, అక్కణ్ణుంచి కథ అయిపోయే దాకా నరి అనకుండా నక్క అనే చెప్పింది, చివర్లో నక్క వడ నాకుతుంది కూడా! బయటికొచ్చేసరికి ఇద్దరు పిల్లలు మా అమ్మాయి వెంటపడి ఇంకా తెలుగు మాటలు చెప్పమంటున్నారు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఇప్పటికీ దీని బెస్ట్ ఫ్రెండే.

నేను చెప్పేది ఒక్కటే అండీ, తెలుగు ప్రోగ్రాం ఎప్పుడు పెడతారా అని వెతుక్కుంటూ కూర్చోకండి, తమిళ ప్రోగ్రాముకే వెళ్లి వెనక వరసలో కూర్చోండి. నేను అయిదొందలు పోసి ముప్పై రోజుల్లో తమిళం పుస్తకం కొన్నా, ముప్పై రోజులు కాదు కదా మూడు పేజీలు కూడా తిప్పలా. పిల్లల కథల దగ్గర కూర్చుంటే వచ్చింది, ఎందుకంటే పిల్లలకి చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్తారు, చెప్పిందే మళ్లీ చెప్తారు, చేతులతో చూపిస్తారు. పెద్దవాళ్లకి సాయంత్రం పూట ఉపన్యాసాలూ ఉంటాయి, అవి మాత్రం మొదటి ఏడాది వద్దు, సాహిత్య తమిళం మనకి అందదు, నేను ఒకసారి వెళ్లి గంటన్నర తలూపి తలూపి మెడ పట్టేయించుకున్నా.

అత్తగారి సంగతి. తెలుగు పుస్తకాలకి ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి తీసుకెళ్లండి, పాంథియన్ రోడ్డులో మ్యూజియం ఆవరణలోనే ఉంటుంది, 1896 డిసెంబర్‌లో తెరిచారు. 1954 చట్టం ప్రకారం దేశంలో ఏ పుస్తకం అచ్చయినా ఒక కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి, అంటే విజయవాడలో వేసినవీ ఇక్కడికి రావాలి. అందరూ పంపుతారా అంటే అది వేరే కథ. మెంబర్‌షిప్ అంటే అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, రెంటల్ అగ్రిమెంట్ కాపీ దగ్గర పెట్టుకోండి. పాత బిల్డింగు రంగుటద్దాలు, చెక్కిన చెక్క పని తెరిచి ఉంటే తప్పక చూడండి. అదే ఆవరణలో మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, మా అత్తగారు వాటి ముందు అరగంట నిలబడి "మనవి ఇక్కడెందుకున్నాయే" అని నన్ను నిలదీసింది, నేను తెచ్చిపెట్టినట్టు. మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు.

నవంబర్ 14 నుంచి 20 గ్రంథాలయ వారోత్సవాలు, ఆ వారం చిన్న బ్రాంచిలో కూడా పిల్లలకి డ్రాయింగు, వక్తృత్వ పోటీలు పెడతారు. ఆ తేదీ మనదేనండోయ్, మన అయ్యంకి వెంకట రమణయ్య గారు పూనుకుని 1919లో అఖిల భారత గ్రంథాలయ మహాసభ పెట్టించింది ఈ మద్రాసులోనే, నవంబర్ 14న. పైగా ఇక్కడి గ్రంథాలయ చట్టం 1948 నాటిది, అప్పటికి మీ కర్నూలు కూడా మద్రాసు ప్రావిన్సులోదే. కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ఒక చేదు కూడా చెప్పాలి. ఒక బ్రాంచిలో ఆదివారం మ్యాజిక్ షో అన్నారు, వానలో తడుస్తూ వెళ్తే తలుపులు తీసున్నాయి, లోపల వాచ్‌మన్ ఒక్కడే, "కాన్సిల్" అన్నాడు, కాగితం ముక్క కూడా అంటించలేదు. పిల్ల ఏడుపు, ఎదురుగా బండి దగ్గర మిరపకాయ బజ్జీ తినిపించి ఓదార్చా, దానికి కారం, మళ్లీ ఏడుపు. బయల్దేరే ముందు ఫోన్ చేయండి.

*

అమ్మా, పై ఆమె బాగా చెప్పింది, నేను రెండు మాటలు కలుపుతా. మేము వాషర్‌మన్‌పేటలో మూడు తరాలుగా ఉండేవాళ్లం, నా తెలుగు చూసి నవ్వొద్దు. బ్రాంచి లైబ్రరీల్లో వాసగర్ వట్టం అని ఉంటుంది, అంటే చదివేవాళ్ల సంఘం, ప్రోగ్రాములు నడిపేది చాలాచోట్ల వాళ్లే. లైబ్రేరియన్‌ని "వాసగర్ వట్టం ఎప్పో?" అని అడిగితే చాలు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. వెయ్యి రూపాయలు కడితే పురవలర్ అని చేర్చుకుంటారు, దాత అన్నమాట, అంత అవసరం లేదు ఇప్పుడు. తెలుగు సభలు కావాలంటే మీ రైల్లోనే కోట్టూరుపురం దాటి తిరుమయిలైలో దిగండి, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం, 1952లో ఆయన 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలిన చోటు. పెద్దామెను తీసుకుపోండి, మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఇంకోటి, అన్నా లైబ్రరీ ఏడో అంతస్తులో ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ ఉంది, బ్రౌన్ దొర పోగు చేసిన తెలుగు తాళపత్రాలు అందులోవే. ప్రోగ్రాము కాదు గానీ మీ తలమీదే ఉన్నాయని తెలుసుకుని కింద కథ వినండి.

*

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అన్నా లైబ్రరీలో మెట్లెక్కాలా? ఇంటి నుంచి మా పుస్తకాలు తీసుకెళ్లొచ్చా?

*

లిఫ్టులున్నాయండీ. ఏసీ మాత్రం గట్టిగా ఉంటుంది, ఆవిడకి శాలువా పెట్టుకోండి. సొంత పుస్తకాలు లోపలికి రానివ్వరు, వాటికి వేరే హాలు ఉంది, అందులో అంతా పోటీ పరీక్షల పిల్లలే, పొద్దున్నే వచ్చి చోటు పట్టేస్తారు. బ్యాగు కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, పర్సూ ఫోనూ చేతిలో ఉంచుకోండి. ముందు మీ దగ్గర బ్రాంచితో మొదలుపెట్టండి, కిరాణా కొట్టాయన ఏమన్నాడు?

*

ఆయన చూపించాడండీ, మా సందు వెనకే. ఉత్సాహంగా పొద్దున్నే బాబుని వెంటేసుకుని వెళ్లాం, తాళం వేసుంది. ఇంటికొచ్చి మీ మెయిలు మళ్లీ మొదటి నుంచి చదివా. ఇవాళ శుక్రవారం.

*

హహ. రేపు వెళ్లండి, రేపు మొదటి శనివారమే.