పెట్టుబడితో రెండో పౌరసత్వం తీసుకుంటే అమెరికా ఈ-2 వీసాకు దారి దొరుకుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పరిశ్రమల్లో వాడిన నీటిని శుద్ధి చేసే పరికరాలు తయారుచేసే చిన్న సంస్థ. చాలా ఏళ్లుగా నడుస్తోంది, నిర్వహణ మొత్తం నేనే చూసుకుంటున్నాను. అమెరికాలో కొందరు కొనుగోలుదారులు ఏర్పడ్డారు కాబట్టి, అక్కడ ఒక శాఖ తెరిచి అమ్మకాలూ మరమ్మతులూ దగ్గరుండి చూసుకోవాలని నా ఆలోచన. బీ-1 వీసా మీద వెళితే చర్చలు జరపడం, ఒప్పందాల మీద సంతకాలు చేయడం వరకే కుదురుతుంది తప్ప అక్కడ ఉండి వ్యాపారం నడపడానికి వీలుండదు. ఈ-2 అనే పెట్టుబడిదారుల వీసా నాకు సరిగ్గా సరిపోతుంది గానీ, అమెరికాతో తగిన ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే దాన్ని ఇస్తారు. నా దేశం ఆ జాబితాలో లేదు.

ఈ మధ్య ఒక ఏజెంటు నాకొక మార్గం చూపించాడు. కరీబియన్ ద్వీప దేశమైన గ్రెనడా ప్రభుత్వ నిధికి విరాళం ఇచ్చి గానీ, టర్కీలో ఇల్లు కొని గానీ అక్కడి పౌరసత్వం తీసుకోవచ్చని, ఆ రెండు దేశాలకూ అమెరికాతో ఒప్పందం ఉంది కాబట్టి కొత్త పాస్‌పోర్టు చేతికి రాగానే ఈ-2కు దరఖాస్తు పెట్టుకోవచ్చని అంటున్నాడు. అతడిచ్చిన కరపత్రంలో రెండే గళ్లు ఉన్నాయి: మొదటి గడిలో పాస్‌పోర్టు, రెండో గడిలో వీసా. ఈ రెంటి మధ్య ఏముందో అడిగితే స్పష్టమైన జవాబు రావడం లేదు, పైగా ముందస్తు సొమ్ము కట్టమని తొందరపెడుతున్నాడు. మా అబ్బాయికి ఇప్పుడు 17 ఏళ్లు, నా భార్య అక్కడ ఉద్యోగం చేయాలనుకుంటోంది. ఈ మార్గం నిజంగా పనిచేస్తుందా, చేయకపోతే నాలాంటి వారికి వేరే దారి ఏదైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందస్తు సొమ్ము కట్టకండి. మీ ఏజెంటు చెబుతున్న మార్గం ఒకప్పుడు నిజంగానే ఉండేది. గ్రెనడాతో ఈ-2కు సంబంధించిన ఒప్పందం 1989 నుంచి, టర్కీతో 1990 నుంచి అమల్లో ఉన్నాయి. గ్రెనడా 2013లో పెట్టుబడి ద్వారా పౌరసత్వం ఇచ్చే పథకాన్ని మొదలుపెట్టిన తరువాత, ఒప్పందం లేని దేశాలకు చెందిన చాలామంది వ్యాపారులు ఆ పాస్‌పోర్టుతో ఈ-2 వీసా పొందారు. అయితే 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన అమెరికా రక్షణ వ్యయ చట్టంలో ఒక చిన్న సవరణను చేర్చారు. దాని ప్రకారం, ఒప్పంద దేశపు పౌరసత్వాన్ని ఆర్థిక పెట్టుబడి ద్వారా పొందిన వ్యక్తికి గతంలో ఎన్నడూ ఈ-2 హోదా లభించి ఉండకపోతే, దరఖాస్తు చేయడానికి ముందు ఆ దేశంలో కనీసం మూడేళ్లపాటు ఎడతెగకుండా స్థిర నివాసం ఉండి ఉండాలి. మీ కరపత్రంలో రెండు గళ్ల మధ్య లేని గడి ఇదే.

స్థిర నివాసం అన్నప్పుడు అక్కడ ఒక చిరునామా ఉండటం, ఏటా కొన్ని వారాలు గడిపి రావడం సరిపోదు. మీరు నిజంగా కాపురం ఉన్న ప్రధాన నివాసం అక్కడే ఉండాలి, అక్కడే కొనసాగాలన్న ఉద్దేశమూ ఉండాలి. వీసా దరఖాస్తును పరిశీలించే కాన్సులర్ అధికారి ఇంటి అద్దె పత్రాలు, పన్ను రికార్డులు, పిల్లల బడి వివరాలు, పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలు చూసి ఈ విషయం తేల్చుకోగలడు. టర్కీ విషయంలో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. అక్కడ పౌరసత్వం కోసం కొన్న ఆస్తిని మూడేళ్లపాటు అమ్మకూడదన్న షరతు ఉంటుంది, దాన్ని యాజమాన్య పత్రంలోనే నమోదు చేస్తారు. ఆ మూడేళ్లు, అమెరికా అడిగే మూడేళ్లు ఒకటేనని అమ్మకందారులు కలిపి చెప్పేస్తున్నారు. ఆస్తిని అట్టిపెట్టుకోవడం వేరు, ఆ దేశంలో నివసించడం వేరు. ఇంటికి తాళం వేసి మీరు వేరే దేశంలో వ్యాపారం చూసుకుంటూ ఉంటే, ఆ కాలం అమెరికా లెక్కలోకి రాదు.

ఖర్చు కూడా పెరిగింది. గ్రెనడాలో 1,50,000 డాలర్లుగా ఉన్న కనీస విరాళం 2024 జులై నుంచి 2,35,000 డాలర్లయింది, అది తిరిగి రాని సొమ్ము. టర్కీలో ఆస్తి కనీస విలువను 2022 జూన్‌లో 2,50,000 డాలర్ల నుంచి 4,00,000 డాలర్లకు పెంచారు. ఈ మొత్తాల్లో ఒక్క డాలరు కూడా అమెరికాలో మీరు పెట్టబోయే వ్యాపారంలోకి వెళ్లదు. ఈ-2 కోసం చూపించాల్సిన పెట్టుబడి పూర్తిగా వేరు.

ఇంకొక మాట. సెయింట్ కిట్స్, డొమినికా, ఆంటిగ్వా, సెయింట్ లూసియా, వనువాటు పాస్‌పోర్టులతో ఈ-2 వస్తుందని ఎవరైనా చెబితే వెంటనే మాట తెంచేయండి. ఆ దేశాలకు అసలు అటువంటి ఒప్పందమే లేదు.

రెండో సమాధానం

పైవారు చెప్పినది నిజమే. మూడేళ్ల షరతు దాటినవారికి కూడా వీసా దానంతటదే రాదన్న విషయం మీద నేను కొంత వివరంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే పాస్‌పోర్టు అమ్మేవారు ఈ భాగాన్ని ఎప్పుడూ ఒక వాక్యంలో దాటేస్తారు.

ఈ-2కు చట్టంలో కనీస పెట్టుబడి అంటూ ఏదీ రాసి లేదు. ఆ వ్యాపారాన్ని కొనడానికి లేదా స్థాపించడానికి అయ్యే మొత్తం ఖర్చుతో పోల్చినప్పుడు మీ సొమ్ము గణనీయంగా ఉందా అన్నదే చూస్తారు. వ్యాపారం చిన్నదైతే అందులో దాదాపు మొత్తం మీరే పెట్టి ఉండాలి. ఆ సొమ్ము బ్యాంకులో నిలవగా ఉంటే లెక్కలోకి రాదు. నష్టం వస్తే పోయే స్థితిలో, వెనక్కి తీసుకోలేని విధంగా వ్యాపారానికి కట్టుబడి ఉండాలి. యంత్రాలు కొన్న రసీదులు, గోదాము లీజు, సరకు బిల్లులు, మీ ఖాతా నుంచి ఆ సంస్థ ఖాతాకు సొమ్ము కదిలిన ప్రతి అడుగూ కాగితం మీద కనిపించాలి. వీసా వస్తేనే విడుదలయ్యే పద్ధతిలో సొమ్మును ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు నెరవేరేదాకా మధ్యవర్తి అట్టిపెట్టే ఖాతాలో, ఉంచడాన్ని మాత్రం అంగీకరిస్తారు, దీనివల్ల తిరస్కరణ ఎదురైనా మీ నష్టం కొంత తగ్గుతుంది. మీ సొంత ఇంటిని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు పెట్టుబడిగా చెల్లుతుంది. ఆ వ్యాపారపు ఆస్తులనే తాకట్టు పెట్టి తెచ్చినది చెల్లదు. ఇల్లు కొని అద్దెకిచ్చుకోవడం వంటివి అసలే పనికిరావు.

ఆ వ్యాపారంలో కనీసం సగం వాటా ఒప్పంద దేశపు పౌరుల చేతిలో ఉండాలి. మీ కుటుంబ జీవనానికి మాత్రమే సరిపోయే ఆదాయం వస్తే చాలదు, అంతకు మించి రాగలదని చూపించాలి. మీరిచ్చే వ్యాపార ప్రణాళికలో ఎవరిని, ఎప్పుడు ఉద్యోగంలోకి తీసుకుంటారో రాసిన పేజీని అధికారులు అన్నిటికంటే జాగ్రత్తగా చదువుతారని నా అభిప్రాయం.

మీ భార్య విషయంలో చిక్కు లేదు. ఈ-2 వీసాదారు జీవిత భాగస్వామి ప్రత్యేక అనుమతి లేకుండానే అమెరికాలో పనిచేయవచ్చు, అమెరికాలోకి ప్రవేశించినప్పుడు నమోదయ్యే ఐ-94 పత్రం మీద ఈ-2ఎస్ అన్న గుర్తు ఉంటే చాలు. మీ అబ్బాయి విషయమే నాకు బాధ కలిగిస్తోంది. పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఈ హోదా పోతుంది. ఇప్పుడు 17 ఏళ్లంటున్నారు. పౌరసత్వానికి పట్టే నెలలు, మూడేళ్ల నివాసం, ఆపై వీసా ప్రక్రియ అన్నీ కలిపి చూస్తే, మీరు అమెరికాలో అడుగుపెట్టే నాటికి అతడికి ఆ గడువు ముగిసిపోయి ఉండవచ్చు, లేదా కొద్ది నెలలే మిగలవచ్చు. కుటుంబమంతా కలిసి వెళ్లడం మీ ఉద్దేశమైతే ఈ ఒక్క కారణం చాలు, ఈ మార్గాన్ని పక్కన పెట్టడానికి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అబ్బాయి వయసును ఈ లెక్కతో నేను చూడలేదు, ఏజెంటూ ప్రస్తావించలేదు. ఇంకో రెండు సందేహాలున్నాయి. కొత్త పౌరసత్వం తీసుకుంటే గ్రీన్ కార్డు వరుసలో నిరీక్షణ తగ్గుతుందని కూడా అతడు చెప్పాడు, అది నిజమేనా? ఒకవేళ మేము టర్కీలో నిజంగానే మూడేళ్లు ఉండడానికి సిద్ధపడితే ఏమవుతుంది?

మూడో సమాధానం

గ్రీన్ కార్డు మాట పూర్తిగా తప్పు. ఏ దేశపు వరుసలో నిలబడాలన్నది మీ పౌరసత్వాన్ని బట్టి కాదు, మీరు పుట్టిన దేశాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఎన్ని పాస్‌పోర్టులు మారినా పుట్టిన చోటు మారదు. మీ భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆవిడ పుట్టిన దేశపు వరుసను మీరూ వాడుకోవచ్చు. అలాగే ఆవిడకు పుట్టుకతో గానీ, వంశపారంపర్యంగా గానీ ఏదైనా ఒప్పంద దేశపు పౌరసత్వం ఉంటే, ఆవిడే ప్రధాన పెట్టుబడిదారుగా దరఖాస్తు చేయవచ్చు. మూడేళ్ల షరతు పెట్టుబడి ద్వారా వచ్చిన పౌరసత్వానికే వర్తిస్తుంది. బ్రిటన్ పౌరసత్వం విషయంలో మాత్రం జాగ్రత్త: అమెరికాతో ఆ దేశానికున్న 1815 నాటి పాత ఒప్పందం ప్రకారం దరఖాస్తుదారు బ్రిటన్‌లో నివసిస్తూ ఉండాలి. పాస్‌పోర్టుతో పాటు నివాసం అడగడం కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు.

టర్కీలో నిజంగా కాపురం పెట్టి, అక్కడ కూడా మీ పరికరాలకు గిరాకీ ఉందనుకుంటే ఆ మూడేళ్లు వృథా కావు. అది ఒక వ్యాపార నిర్ణయం. వీసా కోసం మాత్రమే అయితే నేను సలహా ఇవ్వను. మీ ప్రస్తుత పౌరసత్వం సంగతీ చూసుకోవాలి. భారత్, చైనా వంటి దేశాలు ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోవు. భారత పౌరుడు స్వచ్ఛందంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం రద్దయిపోతుంది, పాత పాస్‌పోర్టును అప్పగించాలి. తరువాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు గానీ, దానితో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనే వీలుండదు. రెండో పాస్‌పోర్టు అన్న మాటే అటువంటి వారి విషయంలో సరికాదు, వారి చేతిలో చివరికి ఒక్కటే మిగులుతుంది. ఏజెంట్లు ఈ సంగతిని సంతకాలయ్యాక చెప్పడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

ఆ పాస్‌పోర్టుల విలువ నిలకడగా ఉంటుందని కూడా అనుకోవద్దు. వనువాటు పౌరులకు ఐరోపా సమాఖ్య వీసా లేని ప్రవేశాన్ని 2022లో ఆపడం మొదలుపెట్టి 2024 డిసెంబరులో శాశ్వతంగా తీసేసింది. 2023 జులైలో బ్రిటన్ డొమినికా, వనువాటు పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. పెట్టుబడితో పౌరసత్వం ఇచ్చే మాల్టా పథకం ఐరోపా చట్టానికి విరుద్ధమని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. గ్రెనడా పాస్‌పోర్టుతో ఐరోపాలోని షెంజెన్ (ఉమ్మడి వీసా) దేశాలకు 180 రోజుల్లో 90 రోజులు వీసా లేకుండా వెళ్లే వెసులుబాటు ఉంది. ప్రదర్శనలకూ సమావేశాలకూ అది అక్కరకొస్తుంది గానీ, అక్కడ పనిచేసే హక్కు ఇవ్వదు.

నాలుగో సమాధానం

మీ పరిస్థితికి ఎల్-1ఏ వీసా, అంటే ఒక సంస్థ తన నిర్వాహకుణ్ని అమెరికా శాఖకు బదిలీ చేసే వీసా, ఎందుకు చూడలేదో నాకు అర్థం కావడం లేదు. దానికి ఒప్పందంతో పని లేదు, ఏ దేశపు పౌరులైనా అర్హులే. మీ సంస్థ అమెరికాలో అనుబంధ సంస్థనో శాఖనో తెరిచి, గత మూడేళ్లలో కనీసం ఏడాదిపాటు ఎడతెగకుండా మీ సంస్థలో నిర్వాహక హోదాలో పనిచేసిన వ్యక్తిని అక్కడికి పంపవచ్చు. మీరు సరిగ్గా అటువంటి వ్యక్తే. కొత్త కార్యాలయమైతే మొదట ఏడాదికి అనుమతి ఇస్తారు, తరువాత రెండేసి ఏళ్ల చొప్పున మొత్తం ఏడేళ్ల వరకు పొడిగించుకోవచ్చు. జీవిత భాగస్వామి పనిచేయవచ్చు. పిల్లలకు 21 ఏళ్ల పరిమితి ఇక్కడా ఉంది, కానీ మూడేళ్లు ముందుగా మొదలుపెడతారు కాబట్టి మీ అబ్బాయికి చదువుకోవడానికి సమయం దొరుకుతుంది.

అసలు కష్టం మొదటి ఏడాది చివర్లో వస్తుంది. పొడిగింపు అడిగినప్పుడు అక్కడి కార్యాలయం నిజమైన నిర్వాహకుడు అవసరమయ్యే స్థాయికి ఎదిగిందా అని చూస్తారు. పెట్టెలు విప్పడం, బిల్లులు రాయడం, మరమ్మతులు చేయడం అన్నీ మీరొక్కరే చేస్తూ ఉంటే అది నిర్వాహక పని కాదంటారు. మొదటి నెలల నుంచే మనుషులను తీసుకోవాలి. ఇక్కడి మాతృసంస్థ కూడా చురుకుగా నడుస్తూనే ఉండాలి, మీరు వెళ్లాక అది మూతపడితే ఎల్-1 ఆధారమే పోతుంది.

శాశ్వత నివాసమే లక్ష్యమైతే పెట్టుబడి మీద గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-5 ఉంది. 2022 మార్చి నుంచి కనీస పెట్టుబడి సాధారణంగా 10,50,000 డాలర్లు, గ్రామీణ లేదా నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 8,00,000 డాలర్లు, పది ఉద్యోగాలు కల్పించాలి. పెద్ద మొత్తమే. అయితే అందులో పిటిషన్ పరిశీలనలో ఉన్న కాలాన్ని పిల్లల వయసు నుంచి తీసివేసే వెసులుబాటు ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఏజెంటుకు వద్దని రాసేశాను. ఎల్-1 న్యాయవాదిని కలవబోతున్నాను. అనుమతి వచ్చాక కార్యాలయం అద్దెకు తీసుకుంటే సరిపోతుందా?

నాలుగో సమాధానం ఇచ్చినవారు

సరిపోదు. కొత్త కార్యాలయం కోసం వేసే ఎల్-1 పిటిషన్‌లో, వ్యాపారానికి తగిన స్థలం అప్పటికే సమకూర్చుకున్నట్టు చూపించాలి. మీ పరికరాలు నిలవ ఉంచడానికీ, మరమ్మతులు చేయడానికీ చోటు కావాలి కాబట్టి ఒక గది కార్యాలయపు లీజు చూపిస్తే ప్రశ్నలు వస్తాయి. లీజు మీద సంతకం చేసే ముందు న్యాయవాదికి చూపించి, ఏదైనా కారణంతో పిటిషన్ తిరస్కరిస్తే తక్కువ నష్టంతో బయటపడే నిబంధన అందులో ఉండేలా యజమానితో మాట్లాడుకోండి.