కొట్టు ముందే మేకను కోయడం ఆపించాలా?

గుంటూరు వాసి:
ఆదివారం పొద్దున మా వీధి చివర మటన్ కొట్టు దగ్గర రెండు పొట్టేళ్లు కట్టేసి ఉన్నాయి. రెండోది చూస్తుండగానే మొదటిదాన్ని కోశారు. నెత్తురంతా మురుగు కాలవలోకి పోయింది. కబేళాల మీద 2001లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం లైసెన్సున్న కబేళాలోనే కోయాలి, ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు. ఇలాంటి కొట్లు మూయించాల్సిందే. మీరేమంటారు?

మటన్ కొట్టు అబ్బాయి:
మూయించడానికి నేను ఒప్పుకోనండి. మా తాత నాటి నుంచీ మాకు ఇదే పని. మా ఊళ్లో కబేళా లేదు, దగ్గరున్నది ముప్ఫై కిలోమీటర్లు. నాలుగు జీవాల్ని ఆటోలో వేసుకుని పోయి, ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి కొట్టు తెరవాలంటే అయ్యే పనేనా? మీరు చెప్పిన నిబంధనల్లోనే పశువుల డాక్టరు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్ష చేయకూడదని కూడా ఉంది. అంత నిదానంగా చూడాలట. మా దగ్గరికి ఏ డాక్టరూ ఒక్కసారి కూడా రాలేదు. ముందు ఊళ్లో చిన్న కబేళా కట్టించండి, ఆ తర్వాత రోడ్డు మీద కోస్తే జరిమానా వేయండి. కొనేవాళ్లు కూడా తోక చూసి మేకా గొర్రా అని అడుగుతారు గానీ, డాక్టరు పరీక్ష చేసిన ముద్ర ఏదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

పశు వైద్యుడు, రిటైర్డ్:
బాబూ, నీ ఇబ్బంది నిజమే. కానీ కళ్లముందు కోశారు కదా, మాంసం మంచిదే అన్న ధీమా పనికిరాదు. పైకి బలంగా కనిపించే పొట్టేలు కార్జం కోస్తే ఆకుల్లాంటి జలగలు బయటపడటం ఎన్నోసార్లు చూశాను. ఊపిరితిత్తుల్లో నిమ్మకాయంత నీటి తిత్తులుంటాయి. ఆ ముక్కను వీధికుక్కకు వేస్తే తిత్తిలోని పురుగు దాని పేగుల్లో పెరుగుతుంది, గుడ్లు మలంతో బయటికొచ్చి పిల్లల చేతులకు అంటుకుంటాయి. దొమ్మరోగం (ఆంత్రాక్స్) అయితే కోయకముందే పట్టుకోవాలి. కోశాక గాలి తగిలితే ఆ క్రిమి బీజాలుగా మారి ఏళ్ల తరబడి నేలలో బతుకుతుంది. అందుకే కోయకముందు ఒకసారి, కోశాక ఒకసారి పరీక్ష. హలాలా, ఝట్కానా (ఒక్క వేటుతో కోయడం) అన్న గొడవ ఇందులోకి తేకండి. మతాచారం ప్రకారం కోయడం నేరం కాదని 1960 జంతు హింస నివారణ చట్టం 28వ సెక్షన్‌లోనే ఉంది. పరీక్ష మాత్రం అన్ని జీవాలకూ జరగాలి.

గుంటూరు వాసి:
డాక్టరు గారూ, కుక్క సంగతి నాకు తెలియదు. మా కొట్టు దగ్గర ఎప్పుడూ మూడు కుక్కలు కాచుకుని ఉంటాయి. తమ్ముడూ, కబేళా కావాలని మీ మున్సిపాలిటీకి అర్జీ రాయి, నేనూ సంతకం పెడతాను.