డెన్వర్ నుంచి బావ గంజాయి గమ్మీలు తెస్తానంటున్నాడు, గన్నవరంలో దొరికితే ఏంటి పరిస్థితి?

బెజవాడ_కుర్రాడు:
మాది సత్యనారాయణపురం. అమ్మకి కీమో నడుస్తోంది, ఒకటే వాంతులు, ముద్ద దిగట్లేదు, రాత్రంతా కూర్చునే ఉంటోంది. అక్కావాళ్ళు సంక్రాంతికి వస్తున్నారు, బావేమో అక్కడ ఐడీ చూపిస్తే కిళ్ళీ కొన్నంత ఈజీగా గమ్మీలు (గంజాయి కలిపిన జెల్లీ బిళ్ళలు) ఇచ్చేస్తారు, పూర్తిగా లీగల్, రెండు డబ్బాలు బట్టల మధ్యలో పెట్టుకొస్తా అంటున్నాడు. అక్కకి భయం. ఇక్కడి డాక్టర్ దగ్గర చీటీ రాయించి చూపిస్తే వదిలేస్తారా?

కారంపొడి_గుంటూరు:
వద్దు గురూ వద్దు. మన దగ్గర గంజాయి, డ్రగ్స్ పట్టుకోడానికి ఈగల్ అనే పోలీస్ టీమ్ పెట్టాక ఇంకా గట్టిగా ఉన్నారు, ఫిర్యాదులకి 1972 అని నంబర్ కూడా ఇచ్చారు. అమ్మకి మందు తేబోయి అల్లుడు లోపల కూర్చుంటే ఆవిడకి ఇంకేం నిద్ర పడుతుంది?

నల్లకోటు:
నేను బెజవాడ కోర్టులో ప్రాక్టీస్ చేస్తా. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో (అదే మాదకద్రవ్యాల చట్టం) వైద్య అవసరం అనే మాట ఉంది నిజమే, కానీ అది లైసెన్సు, పర్మిట్ ఉన్నోళ్ళకి, సూట్‌కేసులో తెచ్చుకునేవాళ్ళకి కాదు, చీటీ పనికిరాదు. గంజాయి అయితే కిలో దాకా స్మాల్ క్వాంటిటీ, ఏడాది దాకా జైలు, 20 కిలోలకి పైన అయితే పదేళ్ళకి తక్కువ ఉండదు, ఇది అందరికీ తెలిసిందే. కానీ గమ్మీలో ఉండేది టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, దాన్ని షెడ్యూల్‌లో విడిగా రాశారు, కిలో లెక్క దానికి వర్తించదు. పైగా 2020లో సుప్రీంకోర్టు కలిపిన సరుకు బరువు కూడా లెక్కలోకే అంది, అంటే పంచదారనీ తూకం వేస్తారన్నమాట. దానికితోడు బయటి దేశం నుంచి తేవడం.

డాలస్_బ్రాడీపేట:
మీ బావగారు డెన్వర్ ఉన్న కొలరాడో వరకే ఆలోచిస్తున్నారు. అక్కడ 2012లో ఓటేసి 2014 నుంచి షాపులు తెరిచారు, 21 నిండితే చాలు, కరెక్టే. పక్కనే కాన్సాస్‌లో మందుగా వాడే మెడికల్ గంజాయి కూడా లేదు. మా టెక్సాస్‌లో అయితే ఆకు కొంచెం దొరికితే చిన్న కేసు, అదే గమ్మీ దొరికితే ఫెలొనీ, అంటే పెద్ద నేరం, ఒక్కటున్నా సరే. ఫ్లైట్ డాలస్ మీదుగా అయితే ఒకసారి ఆలోచించుకోమనండి. ఇంకోటి, రాష్ట్రం ఏమన్నా ఇమిగ్రేషన్ వాళ్ళది ఫెడరల్ (కేంద్ర) చట్టం, గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నోళ్ళు ఎప్పుడన్నా వాడానని నోటితో ఒప్పుకున్నా చాలు ఇబ్బందే, కేసు ఉండక్కర్లేదు. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, బోర్డు మీద లీగల్ అని ఉంది కదా అన్నా అంటారు.

బెజవాడ_కుర్రాడు:
బావ హెచ్1బీనే, ఐ140 (గ్రీన్‌కార్డ్‌కి కంపెనీ వేసే పిటిషన్) అయింది 😬 మరి ఆయుర్వేదంలో విజయ (గంజాయి మొక్కకి వాళ్ళ పేరు) అని ఆన్‌లైన్లో ఏదో నూనె అమ్ముతున్నారు, అది ఎలా లీగల్?

నల్లకోటు:
ఈ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. అవి లేకుండా ఉత్త ఆకు, గింజ అందులోకి రావు, అందుకే కాశీలో భంగు కొట్లున్నాయి. ఆకుతో చేసిన మందు ఆయుర్వేద డాక్టర్ రాస్తే కొనుక్కోవచ్చు.

ఫార్మసీ_అక్క:
తమ్ముడూ, కొనే ముందు ఆంకాలజిస్టుని (క్యాన్సర్ డాక్టర్‌ని) అడుగు, కీమో మందులతో ఏది పడుతుందో ఏది పడదో ఆయనకే తెలియాలి. అసలు వాంతులు ఇంతగా ఉన్నాయని ఆయనకి చెప్పారా? చాలామంది చెప్పరు, కీమో అంటే అంతేగా అని ఊరుకుంటారు. వాంతుల మందు ఆండాన్‌సెట్రాన్ ఒక్కటే ఇస్తుంటే పక్కన ఇంకోటి కలుపుతారు, ఓలాంజపిన్ అని రాత్రి వేసేది ఉంది, వాంతులకీ పనిచేస్తుంది, మగతగా కూడా ఉంటుంది. డోసు ఆయన చెప్పాలి, నువ్వు కొనేసి వేయకు.

బెజవాడ_కుర్రాడు:
నిజంగానే చెప్పలేదక్కా, అమ్మే చెప్పనివ్వలేదు, డాక్టర్‌గారు విసుక్కుంటారని. గురువారం వెళ్తున్నాం, రాసిపెట్టుకున్నా. బావకి ఈ మెసేజులన్నీ పంపా, చదివి బ్లూ టిక్ వచ్చింది గానీ రిప్లై లేదు, అక్క మాత్రం ఫోన్ చేసి డబ్బాలు నేనే వాపస్ ఇచ్చేయిస్తా, బదులు పిస్తా తెస్తాలే అంది.

కారంపొడి_గుంటూరు:
వాపస్ తీసుకోరేమో 😀 పారేయమను.