వీధిలో దొరికిన పిల్లాణ్ణి ముందు ఎక్కడికి పంపాలి: ఇంటికా, హాస్టల్‌కా?

లెక్కలమాస్టారు:
రోడ్డు మీద బతికే పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు చదువు చెప్తుంటాను. మా బృందంలో ఒకటే గొడవ. దొరికిన పిల్లాణ్ణి వెంటనే హాస్టల్లో పెట్టి బడికి పంపాలని కొందరంటారు. ముందు సొంత ఇల్లు, కాకపోతే బంధువులు, అదీ కుదరకపోతే పెంపుడు కుటుంబం చూడాలని నేనంటాను. 2009లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మార్గదర్శకాలు కూడా కుటుంబానికే పెద్దపీట వేశాయి. రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి చూస్తే, పెంపుడు ఇళ్లకు వెళ్లినవాళ్లు తెలివితేటల్లోనూ, మనుషులకు దగ్గరవడంలోనూ మెరుగ్గా ఉన్నారు. ఇంకా వాదన దేనికి?

పాతగోడ:
మాస్టారూ, ఆ అధ్యయనం మొదలైనప్పుడు ఆ పిల్లల్లో ఒక్కరికీ మూడేళ్లు నిండలేదు. పన్నెండేళ్లవాడికి దాన్ని ఎలా అతికిస్తారు?

నా సంగతి చెప్తాను. పదకొండో ఏట మారుతండ్రి బెల్టు దెబ్బలు తట్టుకోలేక పారిపోయాను. పట్టుకున్నవాళ్లు అడ్రసు అడిగి మూడో రోజుకల్లా గుమ్మంలో దింపారు. ఫొటో కూడా తీశారు. వారం తిరక్కుండా మళ్లీ రోడ్డు మీదే ఉన్నాను. రెండేళ్ల తర్వాత హాస్టల్లో చేరాను. ఏడాది పాటు చెప్పులు తల కింద పెట్టుకునే పడుకున్నా, రోడ్డు మీద పడ్డ అలవాటు. అక్కడ ఒక రేకు పెట్టె, దానికో తాళం ఇచ్చారు. ఆ తాళంచెవి మెళ్లో వేసుకుని తిరిగేవాణ్ణి.

నడిరేయి:
గేటుకి తాళం వేసేవారా?

పాతగోడ:
పెట్టె గురించి చెప్తుంటే గేటు గురించి అడుగుతారేంటండీ?

నడిరేయి:
ఎందుకంటే మా తమ్ముడు ఆరేళ్లు అలాంటి చోటే ఉన్నాడు. అమ్మ బతికే ఉంది, తిండి పెట్టే స్తోమత లేదంతే. నెలకోసారి వస్తే గేటు ఊచల మధ్య నుంచే మాట్లాడించేవాళ్లు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. వాడి మీద పెట్టిన ఖర్చులో సగం అమ్మ చేతికిచ్చినా ఇంట్లోనే ఉండేవాడు. ఇప్పటికీ వాడికి గది తలుపు మూస్తే నిద్ర పట్టదు.

మూడోబెంచి:
బడి సంగతి ఎవరూ ఎత్తరేం? పన్నెండేళ్లవాణ్ణి అక్షరాలు రావని ఏడేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే నాలుగో రోజుకి గోడ దూకుతాడు. వెనకబడ్డ చదువు అందుకునేలా ముందు విడిగా నేర్పే బ్రిడ్జి క్లాసు లేనప్పుడు ఇల్లయినా హాస్టలైనా ఒకటే.

లెక్కలమాస్టారు:
పాతగోడ గారూ, మీ ఒక్కరి అనుభవం పట్టుకుని అందర్నీ హాస్టల్‌కి తోలేస్తే ఎలా?

పాతగోడ:
తోలమని నేనెక్కడన్నాను? మీరే ఇంటికి తోలేస్తున్నారు! సాయంత్రం రెండు ఎక్కాలు చెప్పి ఇంటికెళ్లి పడుకునే మీకు, ఆ గుమ్మం మళ్లీ తొక్కడమంటే ఏమిటో తెలుసా?

లెక్కలమాస్టారు:
మర్యాదగా మాట్లాడండి. పదేళ్లుగా చేస్తున్న పని ఇది.

గమ్మునుండు:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

పాతగోడ:
సరే, మాట జారాను. కానీ ఒకటి చెప్పండి. ఆ పదేళ్లలో "ఎక్కడికి వెళ్తావురా" అని ఎంతమందిని అడిగారు? నన్ను ఎవరూ అడగలేదు. అడ్రసు అడిగారు, అంతే. 1989 బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణ పిల్లల మాట వినమనే చెప్తోంది కదా.

లెక్కలమాస్టారు:
వినమంది, వాడి వయసును బట్టి విలువ ఇవ్వమంది. వాడు చెప్పిందల్లా చేయమనలేదు. "ఎక్కడికీ రాను, ఇక్కడే ఉంటా" అంటాడు, అప్పుడు? నా దగ్గర అలా అన్నవాడొకడు ఉన్నాడు, తొమ్మిదేళ్లు. సరేనని వదిలేశాను. మర్నాడు వెళ్లేసరికి లేడు. ఇప్పటికీ జాడ లేదు. అందుకే ఇప్పుడు అడగను. నిజం చెప్పాలంటే, అడగాలంటే భయం.

పాతగోడ:
ఇది మొదటే చెప్పాల్సింది మాస్టారూ. ఒక్కసారి అడిగితే ఎవడైనా "రాను" అనే అంటాడు, నేనూ అన్నాను. హాస్టల్ ఆయన నన్ను నాలుగు నెలలు రోజూ వచ్చి అడిగాడు. ముందు వారం రోజులు ఉండి చూడు, నచ్చకపోతే వెళ్లిపో అన్నాడు.

నడిరేయి:
వెళ్లిపోవచ్చన్నాడంటే, గేటుకి తాళం లేనట్టేనా? ఇప్పటికైనా చెప్తారా?

పాతగోడ:
రాత్రి పదికి వేసేవాళ్లు. చెవి మేకుకి తగిలించి ఉండేది, మాకు అందే ఎత్తులో.