ఫిలిప్పీన్స్‌లో జరిగింది తిరుగుబాటా, యుద్ధమా?

అడిగినవారు (పోటీ పరీక్షల పుస్తకం అనువదిస్తున్నారు):

అందరికీ నమస్కారం. ప్రపంచ చరిత్ర పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. అమెరికా సముద్రాలు దాటి వలసలు సంపాదించుకున్న కాలం గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో 1899–1902 మధ్య ఫిలిప్పీన్స్‌లో జరిగిన పోరాటాన్ని ‘ఇన్సరెక్షన్’ అన్నారు. నిఘంటువు చూస్తే ‘తిరుగుబాటు’ అని ఉంది, అదే రాశాను. కానీ ఆ పేరా మళ్లీ చదివినప్పుడల్లా ఆ మాట దగ్గర ఆగిపోతున్నాను. అలాగే ఉంచమంటారా, మార్చమంటారా?

మొదటి జవాబు:

మార్చండమ్మా. మీరు ఆగిపోవడంలో న్యాయం ఉంది. నిఘంటువు తప్పు చెప్పలేదు. మూలంలో ఉన్న మాటే ఒక పక్షం పెట్టిన పేరు.

తిరగబడాలంటే అంతకుముందు ఎవరికో లోబడి ఉండాలి. రైతులు జమీందారుపై తిరగబడ్డారంటాం, సిపాయిలు కంపెనీపై తిరగబడ్డారంటాం. పొరుగు రాజ్యంపై తిరగబడ్డారని ఎవరూ అనరు, యుద్ధం చేశారంటారు. కాబట్టి మనం తేల్చుకోవలసింది ఒక్కటే. 1899 ఫిబ్రవరి 4 రాత్రి మనీలా శివారులో మొదటి తూటా పేలేనాటికి ఫిలిప్పీన్స్ ప్రజలు అమెరికాకు లోబడి ఉన్నారా?

తేదీలు వరుసగా చూడండి. అప్పటికి ఆ దీవులు స్పెయిన్ వలస, 1898లో అమెరికాకూ స్పెయిన్‌కూ యుద్ధం వచ్చింది. 1898 మే 1న జార్జ్ డ్యూయీ నాయకత్వంలోని అమెరికా నౌకాదళం మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకలను ధ్వంసం చేసింది. హాంకాంగ్‌లో ప్రవాసంలో ఉన్న ఫిలిప్పీన్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఎమిలియో అగినాల్డోను అమెరికా ఓడే ఆ నెలలో స్వదేశానికి చేర్చింది. ఆ తరువాత స్పెయిన్ దండులను ఊరూరా లొంగదీసినది ఫిలిప్పీన్ సైన్యమే. జూన్ 12న కవిట్ పట్టణంలో స్వాతంత్ర్య ప్రకటన జరిగింది. ఆగస్టు 13న మనీలా అమెరికా చేతికి వచ్చిన తీరు మాత్రం నాకు ఎప్పుడు చదివినా కోపం తెప్పిస్తుంది. స్పెయిన్, అమెరికా అధికారులు ముందే మాట్లాడుకుని, పేరుకు ఒక పోరు నడిపి, నగరాన్ని చేతులు మార్చుకున్నారు. నగరం చుట్టూ ముట్టడి వేసి నెలల తరబడి కాచుకుని ఉన్న ఫిలిప్పీన్ సైనికులను లోపల అడుగు పెట్టనివ్వలేదు. డిసెంబరు 10న పారిస్‌లో సంధి కుదిరింది. 2 కోట్ల డాలర్ల చెల్లింపుకు ఒప్పుకుని అమెరికా ఆ దీవులను తీసుకుంది. అగినాల్డో పంపిన ప్రతినిధి ఫెలిపే అగోన్సిల్యోను ఆ చర్చల్లో కూర్చోనివ్వలేదు.

1899 జనవరి 23న మలోలోస్‌లో ఫిలిప్పీన్ రిపబ్లిక్ ఏర్పడింది. దానికి రాజ్యాంగం ఉంది, శాసనసభ ఉంది, సైన్యం ఉంది. పన్నెండు రోజుల తరువాత కాల్పులు మొదలయ్యాయి.

ఆ కాల్పులు మొదలయ్యేనాటికి పారిస్ సంధిని అమెరికా సెనేట్ ఇంకా ఆమోదించనే లేదు. ఓటింగు ఫిబ్రవరి 6న జరిగింది. 57 మంది అనుకూలం, 27 మంది వ్యతిరేకం. మూడింట రెండు వంతుల మెజారిటీకి కావలసిన దానికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చింది. ఆమోద పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడం ఏప్రిల్ 11న. అంటే ఫిలిప్పీన్ ప్రజల ఇష్టాయిష్టాలను పక్కన పెట్టి అమెరికా చట్టం ప్రకారమే లెక్క చూసినా, ఫిబ్రవరి 4న ఆ దీవులు అమెరికావి కావు. లోబడనివాళ్లు తిరగబడటం ఎలా కుదురుతుంది?

అయినా ఆ పేరు ఎందుకు పెట్టారంటే, దాని వల్ల పనులు జరిగాయి. యుద్ధమంటే ఎదుట ఒక దేశం ఉన్నట్టు ఒప్పుకోవాలి. తిరుగుబాటు అంటే ఎదుట ఉన్నది దేశం కాదు, మాట వినని ప్రజ. అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ 1898 డిసెంబరు 21 నాటి ప్రకటనలోనే దీవులన్నింటిపై తమ అధికారం చెల్లుతుందని చెప్పుకున్నాడు. మేము వచ్చింది దయతో మిమ్మల్ని కలుపుకోవడానికి అన్న ధోరణి ఆ ప్రకటన నిండా ఉంది. ‘తిరుగుబాటు’ అన్న పేరు అక్కడి నుంచి సహజంగా వచ్చింది. దయతో కలుపుకుంటామన్నవారు సామర్ దీవిలో ఏం చేశారో, బటాంగస్‌లో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి ఎలా తోలారో మీ అధ్యాయంలో ఉండే ఉంటుంది. అమెరికా సైనికులు 4,200 మందికి పైగా, ఫిలిప్పీన్ సైనికులు 20,000 మందికి పైగా చనిపోయారు. హింస, కరవు, కలరా కలిసి పొట్టన పెట్టుకున్న సామాన్యులు రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. ఇంత పెద్ద సంగతిని చిన్న అలజడిలా వినిపించే పేరు మన పుస్తకంలోకి రాకూడదు. అమెరికా వారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసే 1999లో తన విషయసూచికలో పాత పేరు తీసేసి ‘ఫిలిప్పీన్–అమెరికా యుద్ధం’ అని మార్చుకుంది. మనం ఇంకా పాతదాన్ని మోయనక్కర్లేదు.

మరొకరు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు):

మీ తేదీలతో నాకు పేచీ లేదు. కానీ ‘తిరుగుబాటు’ తక్కువ మాట అన్నట్టు వినిపిస్తే మాత్రం ఒప్పుకోలేను. మన్యం తిరుగుబాటు అని తలెత్తుకుని చెప్పుకునేవాళ్లం మనం. తెలుగులో ఆ మాటకు పౌరుషం ఉంది. ఫిలిప్పీన్ వీరులకు అది దక్కితే అవమానమా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మాస్టారూ, అవమానం కానే కాదు. అల్లూరి సీతారామరాజు 1922లో మొదలుపెట్టినదాన్ని తిరుగుబాటు అనే అనాలి. మన్యం అప్పటికి తరాలుగా తెల్లవారి ఏలుబడిలో ఉంది. అడవి చట్టాలు, పోడుపై ఆంక్షలు, రోడ్ల పనికి వెట్టి, ఇవన్నీ అనుభవించి లేచినవాళ్లు వారు. ప్రభుత్వ కాగితాల్లో దాన్ని ‘పితూరీ’ అన్నారు. హిందుస్తానీ ‘ఫితూరీ’ మనకు అలా వచ్చింది. ఇప్పుడు పితూరీ అంటే పిల్లలు ఒకరి మీద ఒకరు చెప్పే చాడీ. తుపాకులు ఎత్తిన పోరాటానికి అధికారులు వాడిన మాట చాడీగా మిగిలింది. తిరుగుబాటుకు ఆ గతి పట్టలేదు, అది నిలబడింది. మీరన్న పౌరుషం నిజం.

అందుకే ఆ మాటను దాని చోట ఉంచమంటున్నాను. ఫిలిప్పీన్స్ చరిత్రలో దానికి సరైన చోటు 1896. స్పెయిన్ 1565 నుంచి ఆ దీవుల్లో పాతుకుపోయి ఉంది. ఆంద్రెస్ బోనిఫాసియో స్థాపించిన కటిపునాన్ అనే రహస్య సంఘం 1896 ఆగస్టులో ఆ పాలనపై లేచింది. అది అచ్చమైన తిరుగుబాటు. అదే ఏడు డిసెంబరు 30న స్పెయిన్ ప్రభుత్వం ఫిలిప్పీన్ రచయిత హోసే రిసాల్‌ను కాల్చి చంపింది. ఆ పోరు నుంచే ఒక ప్రభుత్వం పుట్టింది. 1899 నాటికి యుద్ధరంగంలో నిలిచింది ఆ ప్రభుత్వం. రెండింటికీ ఒకే మాట వాడితే మధ్యలో పుట్టిన రిపబ్లిక్ పాఠకుడి కంట పడకుండా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

మరో సంగతి. పేరు తగ్గించడం అక్కడితో ఆగలేదు. 1902 జూలై 4న అప్పటి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అంతా ముగిసిందని ప్రకటించాక, నవంబరులో బందిపోట్ల చట్టం తెచ్చారు. అప్పటి నుంచి ఆయుధం పట్టినవాడు తిరుగుబాటుదారు కూడా కాదు, దోపిడీదొంగ. కటిపునాన్‌లో పనిచేసిన మకారియో సకాయ్‌ని ఆ చట్టం కిందే విచారించి 1907 సెప్టెంబరు 13న ఉరి తీశారు. ‘బందిపోటు నాయకుడు సకాయ్’ అని మీ మూలంలో కనిపిస్తే, అమ్మా, అక్కడ కూడా ఆగి చూడండి.

అడిగినవారు:

చాలా సంతోషం. ఇంకొక్కటి అడుగుతాను. పారిస్ సంధిలో స్పెయిన్ దీవులను ‘సీడ్’ (cede) చేసిందని ఉంది. ‘అమ్మింది’ అనాలా, ‘అప్పగించింది’ అనాలా?

మాస్టారు:

దీనికి మన దగ్గర మాట ఉందమ్మా. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చినప్పుడు అవి సీడెడ్ జిల్లాలయ్యాయి, తెలుగులో దత్తమండలాలయ్యాయి. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ పేరు నచ్చకనే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. మాది ఆ సీమే. దత్తం అన్న మాటలోని నొప్పి మాకు తెలుసు. ‘స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు దత్తం చేసింది’ అని రాయండి. క్యూబా సంగతి వేరు. దాన్ని దత్తం చేయలేదు, స్పెయిన్ హక్కు వదులుకుందంతే. ప్యూర్టోరికో, గువామ్ మాత్రం దత్తమయ్యాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు:

మాస్టారు చెప్పిన మాటే ఖాయం చేయండి. ‘అమ్మింది’ అంటే కొన్నవాడికి హక్కు ముట్టినట్టు వినిపిస్తుంది.

ముగింపు ఏడాది దగ్గర కూడా ఒక క్రియ సరిచూసుకోండి. ‘యుద్ధం 1902లో ముగిసింది’ అని రాయకండి, ‘ముగిసినట్టు అమెరికా ప్రకటించింది’ అని రాయండి. దక్షిణాన మోరో ముస్లింలతో పోరు ఆ తరువాత కూడా నడిచింది. 1906లో బుద్ దాహో, 1913లో బుద్ బగ్సాక్ కొండల మీద జరిగిన మారణకాండలు ఆ ప్రకటన తరువాతివే.